పేరు చెప్పని వేరు

ఆదివారం వచ్చిందంటే శంకరమ్మకు ఒళ్ళు మండిపోయేది. పెనుకొండ కొండ కింద, బస్టాండుకు రెండు వీధుల అవతల ఆమెది రేకుల ఇల్లు. తెల్లారేసరికి ఆ ఇంటి ముందు ఓ పదిమంది నిలబడి గోక్కుంటూ ఉండేవాళ్ళు. ధర్మవరం నుంచి మగ్గం నేసేవాళ్ళు మొదటి బస్సుకే దిగేవాళ్ళు. హిందూపురం పక్క నుంచి గార్మెంట్స్‌లో కుట్టే ఆడపిల్లలు మెడ చుట్టూ చున్నీ బిగించుకుని వచ్చేవాళ్ళు. అందరిదీ ఒకటే జబ్బు, తామర. శంకరమ్మ తలుపు వెనక కూర్చుని ఏదో వేరు నిమ్మకాయ రసంలో నూరి, ముద్దను మోదుగాకులో పెట్టి ఇచ్చేది. మూడు ఆదివారాలు పూయాలి. దానికి ఆమె ఒక్క రూపాయి పుచ్చుకునేది కాదు.

ఆ మందు ఆమెకు అత్త వెంకటమ్మ ఇచ్చిపోయింది. మందుతో పాటు కట్టుబాట్లూ ఇచ్చిపోయింది. పొద్దు పొడవకముందే వేరు తవ్వాలి. ఇంటి ఆడవాళ్ళే తవ్వాలి. తవ్విన చేతులే నూరాలి, మధ్యలో ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. అన్నిటికన్నా పెద్దది, ఆ చెట్టు పేరు నోటితో పలకకూడదు. పలికితే గుణం పోతుంది. ప్రాణం పోయే ముందు ఒక్కరంటే ఒక్కరి చెవిలో చెప్పాలి, అంతే. వెంకటమ్మ అలాగే మంచం మీద ఆఖరి రోజున కోడలిని దగ్గరికి పిలిచి చెప్పింది. అది జరిగి ముప్పై రెండేళ్ళు. శంకరమ్మ మొగుడు గంగన్న బతికున్న రోజుల్లో ఒకసారి, “నాకన్నా చెప్పవేమే, నేనేమన్నా ఊరంతా దండోరా వేస్తానా?” అని అడిగాడు. ఆమె ఆ పూట అన్నం కూడా పెట్టకుండా లేచిపోయింది. మళ్ళీ ఆయన అడగలేదు.

సరే, మందు ఇస్తే ఇచ్చింది. దాన్ని వాడే మనుషులు ఉండొద్దూ? ఆమె బాధంతా అక్కడే. గుడ్డలు వేడినీళ్ళలో ఉడకబెట్టండయ్యా అంటుంది, ఎవరూ ఉడకబెట్టరు. ఒకరి టవలుతో ఇంకొకరు తుడుచుకోవద్దంటుంది, ఇంటిల్లిపాదికీ ఒకటే టవలు. ఈ మధ్య ఏడెనిమిదేళ్ళుగా ఇంకో పీడ తయారైంది. మెడికల్ షాపుకు పోయి దురద అంటే చాలు, ఒక ట్యూబు చేతిలో పెడుతున్నారు. పూసిన రోజే దురద హాయిగా పోతుంది. నెల తిరిగేసరికి రూపాయి బిళ్ళంత ఉన్నది పళ్ళెమంత అవుతుంది. ఆ ట్యూబులో ఏముందో శంకరమ్మకు తెలియదు. కానీ ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నడుములు చూసీ చూసీ, ట్యూబు పూసిన చర్మాన్ని ఆమె ఆమడ దూరం నుంచి పట్టేసేది. పలచబడి, నిగనిగలాడుతూ, గీతలు గీతలుగా ఉంటుంది. ఆ చర్మం మీద తన మందు కూడా తిరగబడుతుంది. తిట్లు మాత్రం తన మందుకే.

ధర్మవరం వేణుగోపాల్ అందుకు పెద్ద ఉదాహరణ. గుంట మగ్గంలో పొద్దున దిగితే సాయంత్రానికి గానీ పైకి రాడు. చెమటకు నడుమంతా తామర. మూడోసారి వచ్చాడు.

“ఏమప్పా, మళ్ళా ఏమిటికొస్తివి?”

“తగ్గినట్టే తగ్గి మళ్ళా వచ్చెనమ్మా.”

“ట్యూబు పూస్తాండావా?”

“దేవుని తోడు, నేను యాడ పూస్తానమ్మా!” అన్నాడు వేణుగోపాల్. చొక్కా జేబులోంచి ట్యూబు మూత బయటికి కనబడుతూనే ఉంది.

“ఆ దేవుడు నీ జేబులోనే ఉండాడు, తీసి చూపించు,” అంది శంకరమ్మ. వెనకున్న వాళ్ళు పకపకా నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. చేతులు జోడించి, “నాయనా, మీకు దండం. ట్యూబు మానితే రాండి, లేకుంటే రావొద్దండి. నా మందును బదనాం చేయొద్దండి,” అని లోపలికి పోయి తలుపు దబ్బున వేసుకుంది.

ఇన్ని మాటలు అనే మనిషికి సొంత ఇంట్లో ఏం జరుగుతున్నదో తెలియలేదు.

ఆమె కొడుకు మల్లికార్జున గూడ్స్ ఆటో నడుపుతాడు. టమోటా లోడుకు బెంగళూరు దాకా పోయొస్తుంటాడు. కోడలు నీలావతిది మడకశిర. పెళ్ళయి ఆరేళ్ళు. హిందూపురం దగ్గర ఒక గార్మెంట్స్ కంపెనీలో కుట్టు మిషన్ మీద పని. పొద్దున కంపెనీ బస్సు ఎక్కితే చీకటి పడే వేళకు దిగుతుంది. రోజంతా కుర్చీలో కదలకుండా, చుడీదార్ మీద ఏప్రాన్ కట్టుకుని, చెమట ఇంకిపోతూ కూర్చోవాలి. తామర మొదట మల్లికార్జునకు తగిలింది. అతను అమ్మకు చెప్పకుండా ట్యూబు కొన్నాడు. తర్వాత నీలావతికి తగిలింది. ఆమె అత్తకు చెప్పకుండా అదే ట్యూబు పూసుకుంది. ఏడాదిపాటు ఇద్దరూ ఒక ట్యూబు అయిపోతే ఇంకొకటి తెచ్చుకున్నారు. నడుము దగ్గర మొదలైనది తొడలకు పాకింది, వీపు ఎక్కింది, చివరికి మెడ మీదికి వచ్చింది. మెడ మీదికి వచ్చింది కాబట్టి బయటపడింది.

ఒక శుక్రవారం నీలావతి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఏమ్మే, బస్సు లేని పొద్దులో వస్తివి?”

“సూపర్‌వైజర్ పంపిచ్చేసినాడత్తా. పక్క మిషన్ వాళ్ళు నా పక్కన కూర్చునేది లేదంటాండారు. పదైదు దినాలు టైమిచ్చినారు. తగ్గించుకోని రా, లేకుంటే నీ మిషన్ మీద ఇంకొకరిని కూర్చోబెడతాం అన్నారు.”

“ఏమి తగ్గించుకోవల్ల?”

నీలావతి చున్నీ తీసింది. తర్వాత నడుము చూపించింది, మొగుడికీ ఉందని చెప్పింది. శంకరమ్మ నోటి నుంచి వచ్చిన మాటలు వీధి చివరిదాకా వినబడ్డాయి.

“ఓరి దేవుడా! ఊరందరికీ మందిచ్చే ఇంట్లో ఇంత తామర పెట్టుకోని, మళ్ళా ట్యూబులా? నా కండ్ల ముందర? నన్ను అడిగేదానికి నోరు పడిపోయినాదా నీకు?”

“అడిగితే అరుస్తావని అడగల్యా,” అంది నీలావతి.

“నేను యాడ అరుస్తా!” అని అరిచింది శంకరమ్మ.

అప్పటికి ఆమెకు కుడి కంటి శుక్లం ఆపరేషన్ జరిగి తొమ్మిది రోజులు. నల్లద్దాలు తీయకూడదు. వంగకూడదు, దుమ్ములోకి పోకూడదు, బరువు ఎత్తకూడదు. ఎడమ కన్ను మొదటి నుంచీ మసకే. పోయిన ఆదివారం వచ్చిన వాళ్ళందరినీ ఉత్త చేతులతోనే తిప్పి పంపింది. ఇంకో నెల వేరు తవ్వే ప్రశ్నే లేదు. నీలావతికి ఉన్నది పదిహేను రోజులు.

శనివారం పగలంతా శంకరమ్మ కుదురుగా కూర్చోలేకపోయింది. కోడలి ఉద్యోగం పోతుందన్న దిగులు ఒక పక్క. తామర మందు శంకరమ్మ కోడలిని తామర ఉందని కంపెనీలోంచి పంపేశారని నలుగురికీ తెలిస్తే తల యాడ పెట్టుకోవాలన్న సిగ్గు ఇంకో పక్క. ఆ సిగ్గే కాస్త ఎక్కువగా ఉండిందని చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టు. చివరికి సాయంత్రం కోడలిని పిలిచింది.

“రేపు తెల్లారకముందే నువ్వే పోయి తవ్వుకోని రా. నువ్వే నూరుకోవల్ల. నేను ముట్టను.”

“ఏం చెట్టత్తా?”

“పేరు అడగొద్దు. గుర్తులు చెప్తాండా, విను. కొండ మెట్లకు ఎడమ పక్క పాత గోడ ఉండాది గదా, ఆ గోడెంబడి పో. నడుమెత్తు చెట్టు. తెల్ల పూలు. కొమ్మ సన్నంగా ఉంటాది. దాని వేరు ఒక జానెడు చాలు.”

“తెల్లపూల చెట్లు ఆడ శానా ఉంటాయి గదత్తా. పువ్వు ఎట్లుంటాది?”

ఇక్కడ శంకరమ్మ తటపటాయించింది. ఆ పువ్వు పాము పడగ విప్పినట్టుంటుంది. ఆ ఒక్క గుర్తు చెబితే చాలు, ఎవరూ పొరపాటు పడరు. కానీ ఆ ఒక్క గుర్తు చెబితే చెట్టు పేరు సగం చెప్పేసినట్టే. అత్త మంచం గుర్తుకొచ్చింది. చెవి దగ్గర ఆ వేడి ఊపిరి గుర్తుకొచ్చింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

“చిన్న పువ్వు. తెల్లగా ఉంటాది. పో, నీకే తెలుస్తాది,” అంది.

నీలావతి తెల్లవారకముందే పోయి, ఎండ పడేలోగా వచ్చింది. కట్టుబాటు ప్రకారం తనే కడిగి, తనే రోట్లో వేసి, నాలుగు నిమ్మకాయలు పిండి నూరింది. శంకరమ్మ నల్లద్దాలతో గడపలో కూర్చుని దోవ చూపినట్టు చెబుతూ ఉంది. వేరు ఆమె చూడలేదు, చూసినా ఆ కంటికి ఆనేది కాదు. వాసన చూద్దామంటే నాలుగు నిమ్మకాయల వాసన ముందు ఏ వేరు వాసనైనా ఒకటే. నీలావతి నడుముకు, తొడలకు, మెడకు ముద్ద దట్టంగా పట్టించుకుంది.

గంట తిరక్కముందే, “అత్తా, మండుతాండాదే,” అంది.

“మందు అన్నాక మండకుంటే ఎట్ల? ఆ మంటకే పురుగు చచ్చేది. ఓర్చుకో.”

ఇంకో గంటకు, “అత్తా, నిప్పు పెట్టినట్టు ఉండాది. కడిగేస్తా.”

“కడిగితే మొదటికొస్తాది. ట్యూబులకు అలవాటైన ఒళ్ళు అది, అట్లనే అంటాది. ధర్మవరం వాళ్ళు నీకంటే ఎక్కువ ఓర్చుకున్నారు. పదైదు దినాల్లో పోవల్లనా, వద్దా?”

పోవల్ల. నీలావతి పళ్ళు బిగబట్టుకుని మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. అన్నం తినలేకపోయింది. సాయంత్రానికి ఇక నిలబడలేక పెరట్లోకి పరుగెత్తి రెండు బిందెల నీళ్ళు కుమ్మరించుకుంది. ముద్దతో పాటు పైతోలు కొన్నిచోట్ల ఊడి వచ్చింది. మిగతా చోట్ల నీళ్ళ బొబ్బలు లేచి ఉన్నాయి. శంకరమ్మ చేతితో తడిమి చూసింది. వేళ్ళ కింద బొబ్బలు తగిలాయి. తన మందుకు ఎన్నడూ బొబ్బలు రాలేదు. ముప్పై రెండేళ్ళలో ఒక్కరికీ రాలేదు.

సోమవారం పొద్దున్నే పెనుకొండ ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయారు. మల్లికార్జున లోడు మీద ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. డాక్టరు వసుంధర అని చిన్న వయసు అమ్మాయి. బొబ్బలు చూసి మొహం ముడుచుకుంది.

“ఏం పూశారు?”

“ఆకు మందు,” అంది శంకరమ్మ.

“ఏ ఆకు?”

“ఆకు కాదు, వేరు.”

“అదే, ఏ వేరు?”

“పేరు చెప్పేది లేదమ్మా. కట్టుబాటు ఉండాది.”

డాక్టరు కలం కింద పెట్టింది. “అమ్మా, నా దగ్గరికి వారానికి ముగ్గురు నలుగురు వస్తారు, ఒకరు ట్యూబుతో, ఒకరు ఆకుతో, ఇంకొకరు రెండింటితో. ఎవరూ ఏం పూశారో చెప్పరు. నేనేం సోది చెప్పేదాన్నా? ఈ అమ్మాయి తోలు కాలింది. ఏ చెట్టో తెలిస్తే ఇంకా లోపలికి దిగుతుందా, ఆగుతుందా అన్నది నాకు తెలుస్తుంది. మీ కట్టుబాటు ఈ అమ్మాయి ఒంటికన్నా పెద్దదా?”

వరుసలో ఉన్నవాళ్ళు అందరూ ఇటే చూస్తున్నారు. అందులో ఇద్దరు శంకరమ్మ దగ్గర మందు తీసుకున్నవాళ్ళే. శంకరమ్మకు కోపం తన్నుకొచ్చింది. డాక్టరు మీద కోపం, చూసేవాళ్ళ మీద కోపం, ట్యూబుల మీద కోపం. అన్నిటికన్నా ఎక్కువగా, ఏం జరిగిందో అర్థం కాలేదన్న కోపం. కోడలి వైపు తిరిగింది.

“మే, నువ్వు తవ్విన చెట్టు పువ్వు ఎట్ల ఉండె?”

“తెల్లగా, అయిదు రేకులు,” అంది నీలావతి మంచం మీంచి మెల్లగా. “పువ్వు కింద తొడిమె జిగటజిగటగా ఉండె. వేళ్ళకు అంటుకుంటే వదల్లేదు.”

శంకరమ్మ గోడ పట్టుకుంది. జిగట తొడిమె ఉన్న తెల్లపూల చెట్టు ఆ గోడ పక్కనే, తన చెట్టుకు రెండు బారల దూరంలో ఉంటుంది. పశువులు కూడా దాని జోలికి పోవు. తను కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్త చూపించి, దీన్ని తాకొద్దు అని చెప్పిన చెట్టు.

“చిత్రమూలం,” అంది. “ఈ పిల్ల చిత్రమూలం తవ్వింది డాక్టరమ్మా. నేను చెప్పింది అది కాదు. నాది నాగమల్లి. నాగమల్లి వేరు.”

అనేసింది. ముప్పై రెండేళ్ళు మొగుడికి చెప్పనిది, కొడుక్కి చెప్పనిది, ఆసుపత్రిలో పదిమంది ముందు, ఎవరి చెవిలోనూ కాకుండా బిగ్గరగా అనేసింది. ఏదో అవుతుందని ఒళ్ళు బిగబట్టుకుని నిలబడింది. ఏమీ కాలేదు. డాక్టరు చీటీ మీద ఏదో రాసుకుంది.

“చిత్రమూలమైతే బొబ్బలు రాకుండా ఎలా ఉంటాయి,” అంది వసుంధర. గొంతు కొంచెం మెత్తబడింది. “పైపైనే కాలింది, మానుతుంది. మచ్చలు మాత్రం కొన్నాళ్ళు ఉంటాయి. పుళ్ళు మానేదాకా తామర మందు కూడా పూయడానికి లేదు. తర్వాత మాత్రలు. ట్యూబు ఏడాది పూసింది కాబట్టి రెండు నెలలు తక్కువ కాకుండా మింగాలి. ఆ ట్యూబులు ముట్టొద్దు. మీ నాగమల్లీ వద్దు. ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?”

“నా కొడుక్కు ఉండాది.”

“అతన్నీ తీసుకురండి. ఇద్దరికీ ఒకేసారి తగ్గకపోతే ఎవరికీ తగ్గదు.”

రెండు నెలలు. నీలావతి ఆ మాట విని కళ్ళు మూసుకుంది. నర్సు కట్టు కట్టి, బయట బెంచీ మీద కూర్చోబెట్టాక, నీలావతి సూపర్‌వైజర్‌కు ఫోను చేసింది. ఇవతలి మాటలు మాత్రమే శంకరమ్మకు వినబడ్డాయి. “రెండు నెలలు సార్... లేదు సార్, ముందరే రాలేను... సరే సార్... సరే.” ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఇంకొకరిని కూర్చోబెడతారట అని చెప్పింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే శంకరమ్మకు కాస్త సులువుగా ఉండేది.

శంకరమ్మ ఆమె పక్కనే కూర్చుంది. ఏదో ఒకటి అనకపోతే ప్రాణం కుదురుకునేట్టు లేదు.

“నేను తెల్లపూలు అని చెప్తే నువ్వు చిత్రమూలం తెస్తివి. మంచి చెట్టు దాని పక్కనే ఉండె. కొంచెం చూసుకోని ఉంటే...”

నీలావతి తల తిప్పి అత్తను చూసింది. ఆ చూపులో కోపం లేదు. నమ్మలేనట్టు చూసింది.

“నాగమల్లి అంటే, పడగ మాదిరి తెల్లపువ్వు పూస్తాది, అదేనా అత్తా?”

“అదే.”

“మా మడకశిరలో దాన్ని నాగమల్లిగె అంటారు. మా అమ్మోళ్ళింటి ముందరే ఉండాది, వాకిలికి రెండు పక్కలా. తామరొస్తే మా అవ్వ దాని వేరునే నూరుతాండె. మా వీధిలో అందరూ అదే నూరుకుంటారు. దాపరికం ఏముండాది దాంట్లో? నువ్వు ఇంత దాచేది దాన్నేనని నాకెట్ల తెలుస్తాది?” ఆమె మెడ మీది కట్టును చేత్తో తడుముకుంది. “ఆ పేరు ఒక్క మాట నాకు చెప్పింటే, కండ్లు మూసుకోని తవ్వుకొచ్చేదాన్ని గదత్తా.”